ప్రస్థానం పెట్టిన పెట్టె

లోపల ఫోన్ మళ్లీ మోగుతోంది. చేస్తున్నది నేనే. ఎత్తవలసిన పద్మమ్మక్క చేర్యాలలో ఉంది, ఫోన్ మాత్రం ఇక్కడ ఆమె ఇంట్లోనే ఉంది, అందుకని కొమురెల్లి మల్లన్న మీద ఏదో పాట ఒక చరణం పూర్తిగా పాడి ఆగిపోతోంది. ఆ చరణం నాకు ఈపాటికి నోటికి వచ్చేసింది. ఇంకోసారి చేస్తాను. తాళం వేసిన ఇంటి మెట్టు మీద కూర్చుని, ఆ ఇంట్లోకే ఫోన్ చేసి, తలుపుకు చెవి ఆనించి వింటున్న ఆడమనిషిని చూసి గల్లీలో పోయేవాళ్లు ఏమనుకుంటే అనుకోనీ, ఊరికే కూర్చోవడం కంటే ఇది నయం. కిటికీ జాలీకి మొహం ఆనిస్తే మా సూట్‌కేసు కనబడుతుంది. ఎర్రది, కొత్తది, మూత మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టించుకుని పద్మమ్మక్క బియ్యం డబ్బా పక్కన బుద్ధిగా నిలబడి ఉంది. అందులో మా నలుగురి పాస్‌పోర్టులు ఉన్నాయి. పాస్‌పోర్టుల్లో వీసాలు ఉన్నాయి. రాత్రికి శంషాబాద్‌లో విమానం ఉంది. తాళంచెవి పద్మమ్మక్క కొంగుముడిలో ఉంది. నెలల తరబడి కూర్చుని నేను వేసిన ప్లాను, రోమ్ నుంచి జ్యూరిక్ దాకా ఏ రైలు తర్వాత ఏ రైలో కళ్లు మూసుకుని చెప్పగలిగిన ప్లాను, సిద్దిపేటలో మా ఎదురిల్లు దాటలేక ఆగిపోయింది.

అన్న బిడ్డను చూసుకోవడానికి ఎవరో వస్తున్నారని పోయింది పద్మమ్మక్క, పగటికల్లా, అంటే మధ్యాహ్నానికే, వచ్చేస్తా అన్నది. పగటికల్లా అయిపోయిన పెళ్లిచూపులు నేనింతవరకు చూడలేదు. పిల్లవాడి మేనమామ రావాలి, ఆయన వచ్చేదాకా మాట మొదలుపెట్టరు, మొదలుపెట్టాక భోజనం చేయనిదే లేవనివ్వరు. ఆమె భర్త సిద్ధిరాములన్న కూడా అక్కడే ఉన్నాడు. పెద్దమనుషుల నడుమ ఫోన్ ఎత్తితే బాగుండదని ఆయన ముందే ఆపేసి జేబులో వేసుకుంటాడు. మంచి అలవాటే, ఇంకో రోజైతే నేనే మెచ్చుకునేదాన్ని. మా ఆయన రత్నాకర్ మొదట సుత్తి పట్టుకొచ్చాడు. మాది స్టీలు సామాన్ల దుకాణం కాబట్టి చేతికి దొరికింది గిన్నెల మీద పేర్లు కొట్టే చిన్న సుత్తి. దాంతో తాళం పగలగొట్టాలంటే ఇటలీ నుంచి జనం తిరిగొచ్చే వేళ అవుతుంది. అదైనా ఎత్తేలోపే మా అత్తమ్మ స్వరాజ్యం గేటు దగ్గర కుర్చీలోంచి లేవకుండానే ఆపింది.

"ప్రస్థానం పెట్టిన ఇంటి తాళం పగలగొడ్తవారా? పద్మమ్మ వస్తది, ఆగు."

"అవ్వా, రాత్రికి విమానం."

"రాత్రికి గదా. ఇంకా ఎండ గూడ తగ్గలే."

ఆయన సుత్తి నా చేతిలో పెట్టి, డ్రైవర్ స్వామిని కారు తీయమని చేర్యాలకు బయల్దేరాడు. మా అమ్మాయి ఉజ్వల స్కూటీ మీద బస్టాండుకు పోయింది, ఒకవేళ పద్మమ్మక్క బస్సులో వచ్చేస్తే అక్కడ పట్టుకోవడానికి. కారు ఎక్కేముందు ఆయన నా చెవి దగ్గర ఒక మాట అన్నాడు. "అవ్వకు పోవుడు ఇష్టం లేదే వందనా. అందుకనే పాస్‌పోర్టులు గా పెట్టెల పెట్టింది." అని చక్కగా పోయాడు, ఆ మాటను ఈ మెట్టు మీద నా పక్కన కూర్చోబెట్టి.

నిజమేనా? ఆమె అక్కడే ఉంది, గల్లీకి అవతల, మా గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో. పొద్దుటి నుంచీ అక్కడే. ఇంట్లోకి రమ్మంటే గాలికి కూర్చున్నా అంటుంది, గాలి ఎక్కడుంది, జూన్ మొదటి వారం, వాన ఇంకా పడలేదు, గల్లీలో ఆకు కదలడం లేదు. పగలు అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని ఒళ్లో కంచం పెట్టుకుని తిన్నది. అలక కాకపోతే ఇదేమిటి? అలిగిన మనిషైతే తెల్లారగట్ల లేచి తలస్నానం చేసి కొత్త స్పోర్ట్స్ బూట్లు వేసుకుంటుందా? రెండూ కలిసి నాకు లెక్క తేలడం లేదు. పందొమ్మిదేళ్లయింది నేను ఆ ఇంటికి వచ్చి, ఆమె తిట్టగా విన్నాను, నవ్వగా విన్నాను, గిరాకీతో బేరమాడుతుంటే ముచ్చటపడి విన్నాను, నాకు ఫలానాది కావాలి అనగా మాత్రం ఒక్కసారి వినలేదు. చీరలు తీస్తే మాకు తీసింది. మామిడిపండు కోస్తే టెంక ఆమెది. నాకిప్పుడు కావలసింది విమానం ఒక్కటే కాదు. నిజం చెప్పాలంటే విమానం పోతే ఏడ్చి ఊరుకుంటాను, ఇంత ప్లానూ ఆమెకు ఇష్టం లేకుండా ఆమె మీద రుద్దానని తేలితే మాత్రం నాకు ఊపిరాడదు.

ఎందుకంటే ఈ ప్లాను మొదలైందే ఆమెతో, ఆ సంగతి ఆమెకూ తెలియదు. ఎప్పుడో కుక్కర్ల కంపెనీవాళ్లు ఇచ్చిన క్యాలెండరు, సంవత్సరం అయిపోయాక అన్ని పేజీలూ చించి పొట్లాలకు వాడేశాం, ఒక్క పేజీ మాత్రం అత్తమ్మ చింపనివ్వలేదు. తెల్లటి మంచుకొండ, దాని మీదికి నిటారుగా ఎక్కిపోతున్న చిన్న ఎర్ర రైలు. కౌంటరు వెనక, టిఫిన్ డబ్బాల వరసకు పైన, టేపు వేసి అంటించుకుంది. దుమ్ము దులిపినప్పుడల్లా బిందెల కంటే ముందు దాన్ని తుడుస్తుంది. ఒకనాడు అడిగాను, ఏందత్తమ్మా అది అని. "మంచిగున్నది, ఉండనియ్" అన్నది. అంతే. ఆ రెండు మాటల మీద నేను రెండు దేశాలు కట్టాను. ఉజ్వల ఇంటర్ పరీక్షలు అయ్యాక ఎక్కడికైనా పోదామన్నది, నీళ్లలో ఉన్న వెనిస్ చూడాలన్నది. మా ఆయనకు చిన్నప్పుడు పుస్తకంలో చూసిన వంగిన గోపురం చూస్తే చాలు, నిజంగా వంగిందా, ఫోటో తీసినవాడు వంకరగా తీశాడా అనేది ఆయన అనుమానం. కొండ ఎవరూ అడగలేదు. కొండ నేను పెట్టాను. ఆ బొమ్మ కింద సన్నక్షరాల్లో ఉన్న ఊరి పేరు పట్టుకుని, అది లూసెర్న్ పక్కన ఉందని తెలుసుకుని, మిలాన్ నుంచి అక్కడికి రైలు ఉందని తెలుసుకుని పెట్టాను.

ప్లాను వేయడం మాకు కొత్త కాదు, ఇట్లాంటి ప్లాను కొత్త. మా ఇంట్లో ప్రయాణం అంటే స్వామి కారు. తిరుపతి అయినా షిర్డీ అయినా స్వామి బండి తీస్తాడు, దారిలో ఎక్కడ దేవుడుంటే అక్కడ ఆపుతాడు, రాత్రి కారులోనే పడుకుంటాడు. అందుకని నేను రాసిన మొదటి ప్లానులో రోమ్‌లో పొద్దున దిగి, పగటికి ఫ్లోరెన్స్, సాయంత్రం వంగిన గోపురం, రాత్రికి వెనిస్. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి ఒక్క రోజులో చుట్టబెట్టినదాన్ని నాకిదెంత అనుకున్నాను. ఉజ్వల చూసి కింద పడి నవ్వింది. మా ఆయన రైళ్లు ఎందుకు, రోమ్‌లోనే ఒక ఇన్నోవా మాట్లాడుకుంటే అయిపోతుంది కదా అన్నాడు. ఆ మాట విని స్వామి నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "గాడ రోడ్లు మంచిగుంటయంట గదన్నా, నన్నే తీస్కపోరాదు" అన్నాడు, ఇప్పటికీ కొంచెం కోపంగానే ఉన్నాడు. తర్వాత నేనే నేర్చుకున్నాను. రాత్రి ఎక్కడ పడుకుంటామో ముందు రాసుకుంటే పగలు దానంతటదే కుదురుతుందని నేర్చుకున్నాను. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశం వీసానే అడగాలని నేర్చుకున్నాను. ఇటలీ ప్లగ్గు స్విస్ గోడకు సరిపోదని నేర్చుకుని, రైస్ కుక్కర్ కోసం రెండు రకాల పిన్నులు కొన్నాను. దుకాణంలో గిరాకీలు లేని వేళ పెద్ద గంజు బోర్లించి దాని మీద కాగితం పెట్టి రాశాను. కొన్నవాళ్లు, కొననివాళ్లు అందరూ సలహా చెప్పారు. సకినాలు పట్టుకపోండ్రి అన్నవాళ్లే ఎక్కువ. పట్టుకపోతున్నాం. ఒక సూట్‌కేసు మొత్తం సకినాలూ, గారెలూ, చింతకాయ తొక్కూ, బట్టలేమో మిగిలిన సందుల్లో.

ఇదంతా జరుగుతుంటే అత్తమ్మ ఏమన్నది? చూద్దాం తియ్ అన్నది. వెనిస్‌లో నీళ్ల మీద ఇళ్లు అని ఉజ్వల వీడియో చూపిస్తే "వానకాలం ఎట్ల మరి?" అన్నది. చీజ్ కరిగించుకుని రొట్టె ముంచుకు తింటారట నాయనమ్మా అంటే "పాపం, కూర ఉండదేమో" అన్నది. ప్లాను పూర్తయిన సాయంత్రం దుకాణంలో అందరినీ కూర్చోబెట్టి మొత్తం చదివాను, శుక్రవారం ఇక్కణ్నుంచి, శనివారం రోమ్, ఫలానా రోజు ఫలానా ఊరు అని, నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆయన గోపురం దగ్గర ఒకసారి తలూపాడు. అత్తమ్మ ఊళ్లు వింటున్నట్టు లేదు. ఆమె బొటనవేలు కణుపుల మీద జరుగుతోంది. నేను ఆగేసరికి ఆమె లెక్క కూడా ఆగింది.

"వాపసు వచ్చేది తొమ్మిదో నాడు అయితది" అన్నది. "పోయిన తొమ్మిదో నాడు ఇంట్ల అడుగు పెట్టద్దు."

టిక్కెట్లు అయిపోయాయి. హైదరాబాద్‌లో ఒక రాత్రి ఆగి మర్నాడు వద్దామంటే, మర్నాడు పొద్దున్నే ఒక పెళ్లివారి సామాను మొత్తం ఎక్కించి పంపాలి, అది ఆయన లేకుండా జరగదు. ఇక అయిపోయింది అనుకున్నాను. అప్పుడు ఆమే పంతులుకు ఫోన్ చేసింది, ఆమే దారి కనిపెట్టింది. రెండు రోజుల ముందు బుధవారం మంచి గడియ ఉంది, ఆ గడియకు పెట్టె ఒకటి గడప దాటించి వేరేవాళ్లింట్లో పెడితే మేం బయల్దేరినట్టే లెక్క. ప్రస్థానం అంటారు. ఇక ఆ పెట్టె ఇంటికి తిరిగి రాకూడదు, అక్కణ్నుంచి అటే పోవాలి. దినాల లెక్క బుధవారం నుంచి నడుస్తుంది, తొమ్మిది ఎప్పుడో కొండల్లోనే దాటిపోతుంది. మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు, ఆమె చెయ్యి పట్టుకోబోయి సిగ్గుపడి ఆగాను. బుధవారం నాడు నేను సకినాలు వేయిస్తుంటే వచ్చి అడిగింది, "ఏది లేకుంటే మనం పోనే రాదో గది పెట్టెల ఉండాలెనట. ఏది లేకుంటే పోరాదే?" నూనె కాగుతోంది, నా ధ్యాసంతా చిల్లుల గరిటె మీద ఉంది, పాస్‌పోర్టులు అన్నాను. ఆమె బీరువా తీసి పాస్‌పోర్టులు తీసుకుపోయి పెట్టెలో పెట్టింది. చెప్పాలని ఆమెకు తోచలేదు, చూడాలని నాకు తోచలేదు. ఇవాళ భోజనాలయ్యాక హ్యాండ్‌బ్యాగు సర్దుకుంటూ బీరువా తెరిచాను. నా అరుపుకు ఉజ్వల మేడ మీంచి దిగొచ్చింది.

మరి మా ఆయన అన్న మాట? పోవడం ఇష్టం లేని మనిషి తొమ్మిదో నాటికి విరుగుడు వెతుకుతుందా? వెతికి, ఆ విరుగుడులోనే పాస్‌పోర్టులు దాస్తుందా? ఛ, నా బుద్ధికి ఎండ తగిలింది. అయితే వీసా రోజు ఎందుకు అట్లా అన్నది? హైదరాబాద్‌లో వేలిముద్రలు తీసే అమ్మాయి అత్తమ్మ వేళ్లు అద్దం మీద పెట్టించింది, రాలేదు, తుడిపించి పెట్టించింది, రాలేదు. ఎన్నో ఏళ్లు గిన్నెలు తోమి, తుడిచి, గడ్డిలో పేర్చి, విప్పి మళ్లీ పేర్చిన వేళ్లు, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ అమ్మాయి మర్యాదగానే మళ్లీ మళ్లీ పెట్టించింది. అత్తమ్మ కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకుని "నా వేళ్లకే పోవుడు ఇష్టం లేనట్టుంది" అన్నది, అందరం నవ్వాం. చివరికి వచ్చాయి. తిరుగు దారి పొడుగునా కారులో తన చేతులు తను చూసుకుంటూ కూర్చుంది. అది ఇష్టం లేకపోవడమా, భయపడటమా? బూట్లు కొన్నాక రోజూ తెల్లారి కోమటిచెరువు కట్ట మీద నడిపించాం ఆమెను, చీర కొంచెం ఎత్తి కట్టి, బూట్లతో, మొదటి రోజు కట్ట మీద అందరూ మమ్మల్నే చూస్తున్నారని ఆమె ఆ చివరి నుంచి ఈ చివరికి మొహం అటు తిప్పుకునే నడిచింది. తర్వాత తర్వాత నాకంటే ముందు నడిచింది. ఎందుకత్తమ్మా అంత జల్ది అంటే "ఎండ రాదానే" అన్నది. ఏది అడిగినా ఎండ మీదా గాలి మీదా పెడుతుంది, మనిషి మాత్రం దొరకదు.

ఫోన్. ఆయన. "వందనా, గిప్పుడే చేర్యాలల దిగిన. పద్మమ్మక్క బస్సుల బయల్దేరిందంట. మేం అటు పోతుంటే బస్సు ఇటు వచ్చింది. సిద్ధిరాములన్న మాత్రం గీడనే కూసున్నడు, అన్నం తినమంటున్నడు." తినకండి అన్నాను. పిల్ల నచ్చిందటనా అని కూడా అడిగాను, అడిగాక నన్ను నేనే తిట్టుకున్నాను. నచ్చిందట. సంతోషం. వెలుతురు పచ్చబడుతోంది. ఎదురుగా అత్తమ్మ కుర్చీలో ముందుకు వంగి గల్లీ మలుపు వైపే చూస్తోంది, చెయ్యి మోకాలి మీద ఉంది, బొటనవేలు కణుపుల మీద జరుగుతోంది. మళ్లీ ఏం లెక్కపెడుతోంది? తొమ్మిది అయిపోయింది కదా.

స్కూటీ హారన్ వినబడింది. మలుపులోంచి ఉజ్వల, వెనక ఒకవైపు కాళ్లు వేసుకుని పట్టుచీరలో పద్మమ్మక్క, కొంగుముడి అప్పుడే విప్పుకుంటూ. "అయ్యో వందనా, ఫోన్ మర్శిన, మేనమామ జల్ది రాలే, పిల్ల నచ్చింది గని..." అంటూనే దిగి, అంటూనే మెట్టెక్కి, అంటూనే తాళం తీసింది. నా కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి, లేవబోయి గోడ పట్టుకున్నాను. నన్ను రాసుకుంటూ ఎవరో లోపలికి పోయారు. అత్తమ్మ. ఎప్పుడు లేచిందో, గల్లీ ఎప్పుడు దాటిందో, చీర ఎత్తిపట్టుకుని గడప దాటి, పద్మమ్మక్క పొద్దున తుడిచిపోయిన బండల మీద బూట్లతో నడిచిపోయి సూట్‌కేసు మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

పద్మమ్మక్క చూపు ఆ బూట్ల మీదే ఉంది. చెప్పులతో గడప దాటిన ఎలక్ట్రిక్ పనివాణ్ని వెనక్కి పంపి కాళ్లు కడిగించిన మనిషి అత్తమ్మ. దుకాణంలో కూడా చెప్పులు బయట విడిచి కౌంటరెక్కే మనిషి.

"అక్కా, కాళ్లకు..." అన్నది పద్మమ్మక్క చివరికి.

అత్తమ్మ కిందికి చూసుకుంది. నాలుక కరుచుకుంది. సూట్‌కేసు మీది చేతులు మాత్రం తీయలేదు. "పొద్దుగాల ఉజ్వల కట్టింది. ఇప్పితే మల్ల కట్టుకునుడు నాకు రాదు. ఊకె పిల్లను ఏం వంగబెడ్తమని గేటు కాడనే కూసున్న. ఏమనుకోకు పద్మా, బండలు నేనే తుడుస్త." తర్వాత నా వైపు తిరిగింది. "బేస్తారం పొద్దుగాల గా కొండ బండి ఎక్కాలె గదనే. గీ విమానం తప్పితే గది ఎట్ల దొరుకుతది?"

బేస్తారం. ఆ సాయంత్రం దుకాణంలో అన్ని ఊళ్ల మధ్య ఒక్కసారి చదివాను ఆ మాట, గురువారం పొద్దున లూసెర్న్ పక్కన కొండ రైలు అని. ఎర్ర రైలు అని గాని, క్యాలెండరులోది అని గాని చెప్పలేదు. ఆమె తొమ్మిదిని లెక్కపెడుతోందని మేం అనుకున్నాం. ఆ బొటనవేలు ఇన్నాళ్లూ ఏ కణుపు దగ్గర ఆగుతోందో మాకెవరికీ తెలియలేదు. సంతోషం పట్టలేక నాకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి, చేతిలో ఇంకా ఆ సుత్తి ఉంది, దాన్ని పద్మమ్మక్క బియ్యం డబ్బా మీద పెట్టి అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఈసారి సిగ్గుపడలేదు. వేళ్లు నున్నగా, చల్లగా ఉన్నాయి.

ఫోన్ మోగింది. ఈసారి నాదే. ఆయనే. చేర్యాల దాటారట, స్వామి వేగంగానే నడుపుతున్నాడట. "తాళంచెవి దొరికిందా?" అన్నాడు.

"దొరికింది" అన్నాను. "జల్ది రాండ్రి. అత్తమ్మకు బండి టైం అయితున్నది."